నాలుగు గడుల తెర

ఆగిన ప్రతి లారీకీ ఫోను చేసి ఎందుకాగిందో కనుక్కోవడం శాంతి ఉద్యోగం.

సాలూరు మెయిన్ రోడ్డులో లారీ ఆఫీసులన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే వరసలో కామేష్ ఆఫీసు మూడోది. ముందు గదిలో శాంతి, కంప్యూటరు, ఫోను. అద్దం తలుపు వెనక కామేష్. ఆయనకున్న పదకొండు లారీల్లోనూ తలో చిన్న పెట్టె బిగించి ఉంది. బండి ఎక్కడున్నదీ ఆ పెట్టె చెబుతూ ఉంటుంది. ఆఫీసులో తెరమీది మ్యాపులో బండి ఒక చుక్క. నడుస్తుంటే ఆకుపచ్చ, ఆగితే ఎరుపు. ఎర్రచుక్క పావుగంట దాటిందంటే శాంతి ఫోను తియ్యాలి. సరైన కారణం లేకుండా మాటిమాటికీ ఆగే డ్రైవరుకి తర్వాతి ట్రిప్పు ఉండదు.

"నూకయ్య మావా, బండాగిపోనాది. ఏటయింది?"

"ఏటవుతాదమ్మా. దిగేను."

"అరగంటయింది మావా."

"సుగరున్నోడి బాధ నీకేటి సెప్పీది. గంటకోపాలి దిగాల. పొట్టంగి దాటేక సెట్లున్న సోట ఆపేను. టైరు సూసుకున్నాడని రాసీ."

శాంతి రిజిస్టరులో 'టైరు తనిఖీ' అని టైపు చేసింది. నూకయ్యకి యాభై ఆరేళ్ళు. ఆ నెలలో అతని బండి టైర్లు తనిఖీ అయినన్నిసార్లు ఇంకే బండివీ కాలేదు.

ఆమె చెయ్యకుండానే జరిగిపోయే సాయం కూడా ఒకటి ఉండేది. తెర ఒక్కటే, పనులు నాలుగు. మ్యాపు, సరుకు వెంట వెళ్ళే వేబిల్లు, డ్రైవర్ల మెసేజీలు, రిజిస్టరు. ఒక విండో తెరిస్తే తక్కినవి దాని కిందకి పోయేవి. వేబిల్లు నింపే ఇరవై నిమిషాలూ మ్యాపు కనిపించేది కాదు. ఆ ఇరవై నిమిషాల్లో ఎక్కడో ఒక డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చేవాడు, ఇంకొకడు నూతి దగ్గర ఆపి ఒంటిమీద నీళ్ళు పోసుకునేవాడు. "అప్పుడు వేబిల్లు చేస్తన్నాను సార్, చూడలేదు" అనేది కామేష్‌తో. అది నిజమే కాబట్టి గొంతు తడబడేది కాదు.

అయితే ఆ విండోల్ని రోజంతా పైకీ కిందకీ లాగీ లాగీ ఆమె కుడి మణికట్టు పాడయింది. ముందు బొటనవేలు తిమ్మిరెక్కేది. తర్వాత అన్నం కలుపుతుంటే ముద్ద జారిపోవడం మొదలైంది. విజయనగరం వెళ్ళి చూపించుకుంటే, నరం నొక్కుకుపోయిందనీ రెండు నెలలు మౌసు ముట్టొద్దనీ చెప్పి, చేతికి పట్టీ వేసి పంపించాడు డాక్టరు.

సోమవారం పొద్దున్న ఆ పట్టీ చూసి కామేష్ అద్దం తలుపు దగ్గరే ఆగాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. తండ్రి పోయాక రెండేళ్ళుగా ఆఫీసు చూసుకుంటున్నాడు. పక్క ఆఫీసు లారీ తన లారీకన్నా ముందు చేరిందని వింటే ఆ పూట భోంచెయ్యడు.

"మౌసు ముట్టకుండా కంప్యూటరు పనేటి శాంతీ? ఎలా అవుతాది?"

"ఎడం చేత్తో చేసుకుంటాను సార్."

"ఎడం చేత్తో వేబిల్లు చేసేసరికి బండి ఒరిస్సా దాటీసుంటాది. అవదంటే సెప్పీ. తప్పేటి లేదు. నేను వేరే మనిషిని చూసుకుంటాను."

కోపంగా అనలేదు. కోపంగా అంటే ఏదో ఒకటి బదులు చెప్పొచ్చు. శాంతి తల ఊపి కూర్చుంది.

మౌసు లేకుండా కంప్యూటరు నడపడం ఎలాగని ఆమె అప్పటికి పదిరోజులుగా ఫోనులో వెతుకుతోంది. ఆఫీసు కంప్యూటరు పాతది. కొత్త విండోస్ మొయ్యలేదని రిపేరు షాపు అతను కిందటేడు అందులో లినక్స్ వేసి ఇచ్చాడు. ఆ లినక్స్‌లోనే టైలింగ్ విండో మేనేజర్ అని ఒకటి పెట్టుకోవచ్చని ఆమె ఒక వీడియోలో చూసింది. అది పెడితే ఒక విండో ఇంకోదాని మీద ఎక్కదు. ఒకటి తెరిస్తే తెరంతా దానిదే. రెండోది తెరిస్తే తెర చెరిసగం. మూడు, నాలుగు తెరిస్తే నేలమీద పలకలు పరిచినట్టు పక్కపక్కన సర్దుకుంటాయి. లాగడం, జరపడం ఉండవు. అన్నీ కీబోర్డు మీటలతోనే. ఏ మీట కలిపి ఏ మీట నొక్కాలో పాత క్యాలెండరు కాయితం వెనక రాసుకుని, దాన్ని టిఫిను డబ్బా సంచిలో పెట్టుకు తిరుగుతోంది.

మధ్యాహ్నం కామేష్ భోజనానికి ఇంటికెళ్ళాడు. మూడింటిదాకా రాడు. శాంతి డబ్బా మూత తియ్యకుండానే కాయితం విప్పింది. కంప్యూటరుకి ఆజ్ఞలు టైపు చేసే నల్లటి విండో తెరిచి, కాయితంలోని లైను కొట్టి ఎంటర్ నొక్కింది. అక్షరాలు వరదలా దిగి ఆగిపోయాయి. లాగవుట్ చేసి, పేరూ పాస్‌వర్డూ అడిగేచోట మూలనున్న పళ్ళచక్రం గుర్తు నొక్కితే ఆ కొత్త మేనేజర్ పేరు కనిపించింది. దాన్ని ఎంచుకుంది. మిగతా మీటలతో కలిపి నొక్కడానికి దేన్ని పెద్దమీటగా పెట్టుకుంటావని అడిగితే, కాయితంలో ఉన్నట్టే, విండోస్ గుర్తున్న మీటని ఒప్పుకుంది.

తెర నల్లబడింది.

అడుగున సన్నటి గీతలో టైము మాత్రం ఉంది. మెనూ లేదు, బొమ్మల్లేవు. కాయితం ప్రకారం పెద్దమీటతో ఎంటర్ నొక్కితే ఏదో తెరుచుకోవాలి. నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. బయటికి పోయే మీటలు కూడా రాసుకుంది. అవీ ఆ పెద్దమీటతోనే మొదలవుతాయి. అవీ పని చెయ్యలేదు. పదకొండు లారీలూ ఆ నలుపు వెనక ఎక్కడున్నాయో తెలియదు. టైము మాత్రం ఒంటిగంట యాభై రెండు, యాభై మూడు అంటూ మారుతోంది.

అప్పుడే ఫోను మోగింది. కామేష్.

"ఘాటు రోడ్డెక్కిన మన బండి ఎక్కడున్నాది?"

శాంతి నల్లతెర చూసింది. పన్నెండింటికి నూకయ్య ఒరిస్సా కొండల్లో పొట్టంగి దగ్గరున్నాడు. "సిమిలిగుడ దాటుంటాది సార్."

"దాటుంటాదేటి? దాటిందా?"

"దాటింది సార్."

ఫోను పెట్టేశాక మీటల్ని ఒక్కొక్కటే వేలితో తట్టి చూసింది. విండోస్ గుర్తున్న మీట మిగతావాటిలా పైకి లేవడం లేదు. ఎప్పుడో టీ ఒలికి బంకపట్టి, కిందకి దిగిపోయి ఉంది. ఇన్నాళ్ళూ దాంతో పనిపడలేదు గనక ఎవరికీ తెలియలేదు.

బటను నొక్కిపట్టి మెషీను ఆపేసింది. మళ్ళీ వేసి, పాత పద్ధతిలోకే వెళ్ళి, ఆ కొత్తది తన సెట్టింగులు రాసుకున్న ఫైలు వెతికి తెరిచింది. పెద్దమీట ఏదో చెప్పే లైను పైనే ఉంది. అక్కడ ఒక్క అంకె మార్చి ఆల్ట్ మీటని పెట్టింది. మళ్ళీ కొత్తదాంట్లోకి వెళ్ళి, ఆల్ట్, ఎంటర్ నొక్కింది. తెర నిండా ఒక విండో విచ్చుకుంది. మళ్ళీ నొక్కితే చెరిసగం అయింది.

అన్నం చల్లారిపోయింది. ఎడమచేత్తో స్పూను పట్టుకుని తింటూ, ఒక్కొక్క మీటా నొక్కి చూస్తూ కూర్చుంది.

మంగళవారానికి ఫైల్లో తన లైన్లు తను రాసుకోవడం మొదలుపెట్టింది. కంప్యూటరు వెయ్యగానే మ్యాపు ఎడమవైపు పైన రావాలి, వేబిల్లు కుడివైపు, కింద మెసేజీలు, వాటి పక్కన రిజిస్టరు. ఒక బ్రాకెట్టు మరిచిపోతే తెరమీద ఎర్రపట్టీ వచ్చి తప్పుందని చెప్పింది. ఎక్కడుందో వెతకడానికి గంట పట్టింది. మధ్యలో మూడు బండ్లకి ఫోన్లు చేసింది, రెండు వేబిల్లులు పంపింది. సాయంత్రం అయిదింటికి నాలుగు గడులూ అనుకున్నచోట అనుకున్నట్టు నిలబడ్డాయి. కుడిచెయ్యి ఒళ్ళో పడుకుని ఉంది. ఎడమచెయ్యే మీటల మీద ఆ గడిలోంచి ఈ గడిలోకి వెళ్ళొస్తోంది. ఈ ఆఫీసులో ఏడేళ్ళుగా ఆమె చెప్పినచోట చెప్పినట్టు ఉన్న వస్తువు అదొక్కటే.

బుధవారం కామేష్ ఆమె కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. నాలుగు గడులూ ఒక్కొక్కటే చూశాడు.

"ఇదేటిది?"

చెప్పింది. తను చేశానని చెప్పేటప్పుడు గొంతులో కొంచెం సంతోషం బయటపడింది.

"బాగున్నాది. అన్నీ ఒక్కపాలే కనిపిస్తన్నాయి." వంగి మ్యాపు గడి మీద వేలు పెట్టాడు. "ఇదెవడు, ఎర్రగా?"

"నూకయ్య మావ సార్."

"వేబిల్లు చేస్తన్నా ఇది కనిపిస్తానే ఉంటాదన్నమాట."

"కనిపిస్తాది సార్."

"ఏ బండి ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపాగింది, ఆ పట్టీ కూడా ఇందులో ఓ పక్క పెట్టగలవా?"

పెట్టలేనని చెప్పొచ్చు. పాత మెషీను, మొయ్యదు అనొచ్చు. అంటే నమ్మేవాడు కూడా. కానీ రెండు రోజులుగా తను ఏది అడిగినా ఆ తెర కాదనలేదు. "రెండు నిమిషాల పని సార్" అంది శాంతి. అన్న మరుక్షణం ఆ మాట వెనక్కి రాదని తెలిసింది. ఆయన అక్కడే నిలబడ్డాడు. రిజిస్టరు గడిని సగం చేసి, ట్రాకింగ్ పేజీలోంచి ఆగిన బండ్ల పట్టీ తెచ్చి అందులో పెట్టింది.

మొదటి వరసలో నూకయ్య. రాయపూర్ వెళ్ళి వస్తూ తొమ్మిదిసార్లు.

"పావుగంట వద్దు. ఇకమీద పది నిమిషాలు" అని కామేష్ లోపలికెళ్ళాడు.

ఆ రోజు శాంతి ముప్పై ఒక్క ఫోన్లు చేసింది. చూడలేదని చెప్పడానికి చోటు లేకుండా పోయింది. చుక్క ఎర్రబడితే కంటిచివర పొడిచినట్టు తెలిసేది. వేబిల్లులో అంకె కొడుతూనే ఫోను అందుకునేది. "ఏటయింది, ఎందుకాగింది, ఎంతసేపు." సాయంత్రానికి ఆ మూడు మాటలూ ఆమె నోటికి తమంతట తామే వచ్చేస్తున్నాయి. డ్రైవర్లు కూడా మామూలుగా అడిగే బాగోగులు మానేసి, "బయలెల్తన్నాం" అని పెట్టేస్తున్నారు.

గురువారం పదకొండింటికి నూకయ్య వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో బండి తాళం. ఎప్పటిలా తాళం గోడ మేకుకి తగిలించబోతుంటే కామేష్ బయటికొచ్చి చెయ్యి చాచాడు.

"ఇలాగియ్యి."

నూకయ్య తాళం ఆయన చేతిలో పెట్టలేదు, బల్ల మీద పెట్టాడు. "ఎప్పుడు రమ్మంటారు బాబూ?"

"కబురు సేస్తాను. కొన్నాళ్ళు రెస్టు తీసుకో."

"రెస్టా" అన్నాడు నూకయ్య. మాట అర్థంకాక కాదు. ముప్పై ఏళ్ళ క్రితం కామేష్ తండ్రి ఒక్క లారీతో మొదలుపెట్టినప్పుడు ఆ లారీ తోలినవాడు అతను. ఆ సంగతి ఇప్పుడు ఎత్తలేదు. కామేష్ లోపలికెళ్ళిపోయాక శాంతి కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఇందులో నానెక్కడమ్మా?"

ఆమె వేలితో చూపించింది. పేరుకి ఎదురుగా తొమ్మిది వరసలు, ఊళ్ళ పేర్లతో, నిమిషాలతో.

నూకయ్య కళ్ళు చికిలించి పైనుంచి కిందకి చదివాడు. "సునాబెడ దగ్గర కూడా ఆపేను కదేటి. అవును, ఆపేను. అన్నీ నిజవే." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "బాగా సేసినావమ్మా. సేతికి నెప్పి తగ్గిందా?"

తగ్గిందని చెప్పింది. అతను వెళ్ళిన చాలాసేపటిదాకా మీటల మీద చెయ్యి పెట్టలేకపోయింది.

బంగారమ్మపేటలో శాంతి ఇల్లూ, ఆమె బావ సీమోను ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ. శాంతి భర్త బెన్హర్ బైపాస్ దగ్గర టైర్ల షాపులో పని చేస్తాడు. అతని అన్న సీమోను కామేష్ లారీ తోలుతాడు. ఆ సాయంత్రం తోటికోడలు సత్యవతి పెరట్లో చేపలు తోముతూ పిలిచింది.

"ఒసే శాంతీ. మీ బావ ఆగితే సాలు ఫోన్ సేస్తన్నావట."

"ఉద్యోగమక్కా."

"నేనేటన్నాను, ఉద్యోగం కాదన్నానా?" చేప తిరగేసింది. "నాగపూరెల్లీదాకా కన్నుమూయలేదంట. మునుపు రెండో డ్రైవరుండీవోడు, ఒకడు తోల్తే ఒకడు తొంగునీవోడు. ఇప్పుడు ఒక్కడే. ఆపితే నీ ఫోను. నువ్వడిగితే ఆయనకి సిగ్గంట. మరదలి సేత అడిగించుకోడం ఎందుకని ఆపకుండా తోలీసేడంట."

సత్యవతి చేపలమీద నీళ్ళు పోసింది. "నేను సెప్పినానని అనకు. తిట్టీగల్డు."

శుక్రవారం కామేష్ ఆటోలో పెద్ద టీవీ తెచ్చి ముందుగది గోడకి బిగించాడు. శనివారం పొద్దున్న జూట్ మిల్లు నుంచి కూర్మనాథం గారు వస్తున్నారు. మిల్లు సరుకు పంపే వ్యవహారమంతా ఆయన చేతిలో ఉంది. ఇంకో ఏడాది ఆ సరుకు కామేష్‌కే ఇస్తారో పక్కవాళ్ళకి ఇస్తారో రేపు తేలుతుంది.

"ఆయన గుమ్మంలోకి రాగానే ఇది కనిపించాల. మన బండి పది నిమిషాలాగితే మనకి తెలిసిపోద్దని తెలియాల. ఆ ఆగిన బండ్ల పట్టీ పెద్దగా పెట్టు. డ్రైవర్లు కూడా వచ్చి చూస్తే భయముంటాది."

శాంతి టీవీకి తీగ తగిలించింది. టీవీ నల్లగానే ఉంది. ఫైల్లో ఇంకో లైను రాయాల్సి వచ్చింది, రెండో తెర కుడివైపున ఉందని చెబుతూ. తర్వాత మ్యాపు అటు పంపింది, దాని పక్కన ఆగిన బండ్ల పట్టీ. మూడో గడి ఖాళీగా మిగిలింది. అందులో ఏం పెట్టాలా అని ట్రాకింగ్ పేజీలో రిపోర్టుల జాబితా తెరిచింది. ఆగిన బండ్ల రిపోర్టు కిందనే ఇంకొకటి ఉంది, నడిచిన గంటలు. ఏడేళ్ళలో అది ఎవరూ అడగలేదు, ఆమె తెరవలేదు.

తెరిచింది. ఏ బండి ఒక రోజులో ఎన్ని గంటలు నడిచింది, అందులో ఒక్క బిగిన ఎన్ని గంటలు నడిచింది, అన్నీ ఉన్నాయి. సీమోను బండి నాగపూర్ వెళ్ళేటప్పుడు ఒక్క బిగిన పదకొండు గంటలు. నూకయ్య బండి తొమ్మిదిసార్లు ఆగి కూడా, తక్కిన బండ్లకన్నా ముప్పావుగంట మించి ఆలస్యంగా చేరలేదు. ఆమె ఆ వరసలు రెండుసార్లు చదివింది. గడియారం చూసింది. సీమోను మధ్యాహ్నం రెండింటికి నాగపూర్‌లో బయల్దేరాడు, రిపేరుకిచ్చిన మిల్లు రోలర్లు ఎక్కించుకుని.

రిపోర్టు మూసేసి ఇంటికెళ్ళింది.

శనివారం మామూలుకన్నా గంట ముందు వచ్చి తాళం తీసింది. టీవీ వేసింది. మూడో గడిలో నడిచిన గంటల పట్టీ పెట్టింది. ఎక్కువ నడిచిన బండి పైకి వచ్చేలా మార్చింది. అక్షరాలు పెద్దవి చేసింది. చేసి, తన కుర్చీకి వచ్చింది. తీసెయ్యడానికి రెండు మీటలు చాలు. ఎడమచెయ్యి మీటల మీద ఉంచుకుని కామేష్ వచ్చేదాకా కూర్చుంది. కామేష్ వచ్చి, టీవీ కేసి ఒకసారి చూసి, నిండుగా ఉందనుకున్నాడు కాబోలు, అగరొత్తులు వెలిగించడానికి లోపలికెళ్ళాడు.

పదకొండున్నరకి కూర్మనాథం గారు వచ్చారు. అరవై ఏళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. గుమ్మం దగ్గర ముగ్గురు డ్రైవర్లు పక్కకి జరిగి దారిచ్చారు. వాళ్ళ వెనక నూకయ్య కూడా ఉన్నాడు, ఏదైనా పనుందేమో అడుగుదామని వచ్చి.

"చూడండి సార్" అన్నాడు కామేష్. "పదకొండు బండ్లూ కళ్ళెదురుగానే. ఆగితే పది నిమిషాల్లో ఫోను. ఇలాంటిది సాలూరులో ఇంకే ఆఫీసులోనూ లేదు."

కూర్మనాథం గారు కళ్ళజోడు సర్దుకుని ఎడమనుంచి చదవడం మొదలుపెట్టారు. మ్యాపు చూశారు, ఆగిన బండ్ల పట్టీ చూశారు, తలూపారు. మూడో గడి దగ్గర ఆగారు.

"ఈ పంతొమ్మిది ఏమిటమ్మా?"

అడిగింది శాంతిని. ఆమె లేచి నిలబడింది.

"ఆ బండి నడిచిన గంటలండి. నిన్న రెండింటి నుంచి ఇప్పటిదాకా."

"నిన్న రెండింటి నుంచంటే ఇరవై ఒకటిన్నర గంటలు. అందులో పంతొమ్మిది నడిచిందా?"

"అవునండి."

"డ్రైవర్లెందరు?"

కామేష్ నోరు తెరిచాడు. "సార్, అది మెషీను లెక్క, ఒక్కోసారి తప్పు..."

"ఒక్కరేనండి" అంది శాంతి.

గుమ్మం దగ్గర డ్రైవర్లు కదిలారు. ఒకడు తన బండి నంబరు వెతుక్కుంటూ పెదవులు కదుపుతున్నాడు. "నాది పదిహేను" అన్నాడు పక్కవాడితో, మెల్లగా.

"ఆ బండిలో సరుకెవరిది?"

"మీ రోలర్లేనండి."

కూర్మనాథం గారు గొడుగు బల్లకి ఆనించారు. "ఇప్పుడెక్కడుంది?"

శాంతి మ్యాపు కేసి చూసింది. "పొట్టంగి దాటిందండి. అరగంటలో సుంకి వస్తాది. అక్కణ్ణుంచి ఘాటు దిగడమే."

ఆకుపచ్చ చుక్క ఒక వంపు తిరిగింది. ఎనిమిది టన్నుల ఇనుము వెనకనుంచి తోస్తుంటే, ఒకదాని కింద ఒకటి ఉండే ఆ మలుపుల్లో బ్రేకు మీద కాలు ఎలా ఉండాలో గుమ్మంలో నిలబడ్డ నలుగురికీ తెలుసు.

"శాంతీ, అది తీసెయ్" అన్నాడు కామేష్ గొంతు తగ్గించి.

"తీసేస్తాను సార్. తీస్తే ఆగిన బండ్లది కూడా తీసేస్తాను. రెండూ ఆ పెట్టె చెప్పినవే."

ఇంత మాట తను అనగలదని ఆమెకి తెలియదు. కామేష్ ఆమెని చూసిన చూపులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

"ఏదీ తియ్యక్కర్లేదు" అన్నారు కూర్మనాథం గారు. "ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట అడిగేది ఈ గంటలే. జవాబు చెప్పుకోవలసినవాణ్ణి నేను. కామేష్, మన కాయితాల సంగతి తర్వాత. ముందు ఆ బండి ఆపించు."

కామేష్ టీవీని, ఆయన్ని, టీవీని చూశాడు. మెడమీద చెయ్యి రాసుకున్నాడు. ఆఖరికి శాంతితో అన్నాడు. "ఆపమను."

శాంతి ఫోను తీసింది. ఆకుపచ్చ చుక్కకి ఫోను చెయ్యడం ఆమెకి అదే మొదలు. నాలుగుసార్లు మోగాక సీమోను ఎత్తాడు. వెనక ఇంజను రొద.

"శాంతీ, నేనేటి ఆగలేదే. కొరాపుట్‌లో కూడా ఆగలేదు."

"తెలుసు బావా. సుంకి దగ్గర ఆపండి."

"ఏం? ఏటయింది? ఇంటికాడ ఎవులికేనా..."

"ఎవులికీ ఏటీ అవలేదు. సార్ ఆపమన్నారు. తొంగోండి."

ఆ రొదలోంచి అతను, "ఎవులు? కామేష్ బాబా?" అన్నాడు.

"అవును బావా. ఇక్కడే ఉన్నారు."

పన్నెండుంబావుకి చుక్క ఎర్రబడింది. గదిలో అందరూ ఆ ఎరుపునే చూస్తున్నారు. పది నిమిషాలకి సీమోను పేరు ఆగిన బండ్ల పట్టీలోకి ఎక్కింది. శాంతి చెయ్యి అలవాటుగా ఫోను మీదకి పోయి, అక్కడే ఆగింది.

కూర్మనాథం గారు వెళ్ళేముందు రెండు సంగతులు చెప్పారు. మిల్లు సరుకు వేసే బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. నడిచిన గంటల పట్టీ వారంవారం తనకి పంపాలి. ఒప్పుకుంటే సోమవారం కాయితాలు పంపిస్తామన్నారు. కామేష్ ఆయన్ని కారుదాకా సాగనంపి తిరిగొచ్చాడు. గుమ్మంలో నూకయ్య ముందు ఆగి, అతని మొహం చూడకుండా, "సుంకెల్లి ఆ బండి దింపుకురా. రోలర్లు జాగ్రత్త" అన్నాడు. నూకయ్య మారుమాట లేకుండా తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కొరాపుట్ బస్సు కోసం రోడ్డు దాటాడు.

కామేష్ శాంతి బల్ల దగ్గర నిలబడ్డాడు. వేలితో బల్ల అంచు రాశాడు.

"నన్ను ముందడగాల శాంతీ నువ్వు."

"అడిగితే వద్దందురు సార్."

ఆయన చెయ్యి బల్ల మీంచి తీశాడు. "సోమవారం మాటాడదాం" అని లోపలికెళ్ళి అద్దం తలుపు వేసుకున్నాడు. ఆ సోమవారం ఏమవుతుందో శాంతికి తెలియదు. నడిచిన గంటల పట్టీ పంపడానికి మనిషి కావాలి. ఆ మనిషి తనే కానక్కర్లేదు. డబ్బా మూత తీసింది. ఆకలి వెయ్యలేదు. మళ్ళీ పెట్టేసి ఆగిపోయిన వేబిల్లు నింపడం మొదలుపెట్టింది. మణికట్టు సలుపుతోంది.

ఒంటిగంటన్నర దాటాక ఫోను మోగింది. నూకయ్య.

"అమ్మా, వచ్చీసేను. బండి సెక్‌పోస్టుకి ఇవతల ఆపేడు. తలుపేసుకుని తొంగున్నాడు. అద్దం కొట్టేను, లెగలేదు. గట్టిగా కొట్టీదా?"

శాంతి పట్టీ చూసింది. సీమోను పేరుకి ఎదురుగా డెబ్బై ఎనిమిది నిమిషాలు. ఇంతసేపు ఆగిన బండి ఆ పట్టీలో ఇంతకుముందెప్పుడూ లేదు. అద్దం తలుపు వెనక కామేష్ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఎంతసేపు అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"కొట్టకు మావా" అంది. "లెగిసీదాకా కూకో."

"ఎండలో ఏటి సెయ్యను?"

"నీడేటి లేదా?"

"బండి నీడుంది." అతను దాని పక్కకి జరిగిన చప్పుడు, మోకాళ్ళ మీద చేతులేసుకుని కూలబడ్డప్పుడు వచ్చే మూలుగు వినిపించాయి. "కూకున్నాను. ఫోనెట్టీసీ అమ్మా, ఆడికి మెలకువొచ్చీగల్దు."

శాంతి చప్పుడు కాకుండా ఫోను పెట్టేసింది.